మందుల పరిశోధనకు మూడు నెలల దారి లేదు

కొత్త మందు మీద పని రెండు చోట్ల జరుగుతుంది. మొదటిది ప్రయోగశాల. మొక్క నుంచో, రసాయన చర్య నుంచో వచ్చిన పదార్థాన్ని అక్కడ విడదీసి, శుద్ధి చేసి, అదేమిటో తేల్చి, కణాల మీద, జంతువుల మీద పరీక్షిస్తారు. రెండోది ఆసుపత్రి. అనుమతులు వచ్చాక మనుషుల మీద పరీక్షలు మొదలవుతాయి. ముందు కొన్ని పదుల మందితో, తర్వాత వందల మందితో, ఆ పైన వేల మందితో దశలవారీగా నడుస్తాయి. మొదటి అడుగు నుంచి మందుల షాపు దాకా పది, పదిహేనేళ్లు మామూలు. బయల్దేరినవాటిలో చాలావరకు మధ్యలోనే ఆగిపోతాయి. ఈ పనిచేసేవారిలో డాక్టర్లు కొందరే. రసాయన శాస్త్రం చదివినవారు, ఫార్మసీవారు, వృక్షశాస్త్రం తెలిసినవారు, పశువైద్యులు, గణాంక నిపుణులు, నర్సులు అందరూ కావాలి.

ఈ రంగం గురించి తెలుగు ఇళ్లలో రెండు అపోహలు గట్టిగా పాతుకున్నాయి. బైపీసీ తీసుకున్న పిల్లలకు ఎంబీబీఎస్ రాకపోతే మిగిలినవన్నీ ఓటమి కిందే లెక్క అన్నది ఒకటి. ‘క్లినికల్ రీసెర్చ్’లో మూడు నెలల కోర్సు చేస్తే పెద్ద కంపెనీలో ఉద్యోగం ఖాయమన్నది రెండోది. మొదటి దానికి పిల్లల వయసు, రెండో దానికి తల్లిదండ్రుల సొమ్ము ఖర్చవుతున్నాయి.

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యం చదివారు. అమెరికా వెళ్లాక ఆయన చేసింది మాత్రం ప్రయోగశాల పనే. లెడర్లీ సంస్థలో ఆయన నడిపించిన పరిశోధనల నుంచే ఫోలిక్ యాసిడ్ తయారీ, దానికి విరుగుడుగా పనిచేసి క్యాన్సర్ కణాలను అణిచే మెథోట్రెక్సేట్, బోదకాలు మందు హెట్రజాన్ వచ్చాయి. కోస్తా జిల్లాల్లో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి మింగించే డీఈసీ మాత్ర ఆ హెట్రజానే. మలేరియా మందు ఆర్టెమిసినిన్‌కు 2015లో నోబెల్ అందుకున్న చైనా శాస్త్రవేత్త తు యూయూకు వైద్య పట్టా లేదు, పీహెచ్‌డీ కూడా లేదు. ఆమెది ఫార్మసీ చదువు. పదహారు వందల ఏళ్ల నాటి చైనా వైద్య గ్రంథంలో ఆ మందు మొక్కను నీళ్లలో నానబెట్టి, పిండిన రసం తాగమని ఉండటం ఆమె గమనించారు. కాచడం వల్లే గుణం పోతోందని ఊహించి, తక్కువ వేడికే మరిగే ఈథర్‌తో 1971లో సారం తీశారు. అంతకుముందు ఆమె బృందం వందల సారాలను పరీక్షించి పక్కన పెట్టింది.

ఇలాంటి పనికి సరిపోయే పిల్లవాణ్ని మూడో ఏడాది కూడా లాంగ్ టర్మ్ హాస్టల్లో పెట్టి నీట్ రాయించడం పెద్దల పట్టుదలే తప్ప పిల్లవాడి ఆశయం కాదు. ఒకసారి మళ్లీ రాయడంలో తప్పేమీ లేదు. మార్కులు ఒకే చోట నిలిచిపోయాయని, కెమిస్ట్రీలో దూసుకుపోతున్నవాడు ఫిజిక్స్‌లో తడబడుతున్నాడని తెలిశాక కూడా అవే పుస్తకాలు తిరగేయిస్తే డిగ్రీ ఆలస్యమవుతుంది, పిల్లవాడికి తన మీద తనకున్న నమ్మకం పోతుంది. పెళ్లిళ్లలో ‘మీవాడేం చదువుతున్నాడు’ అని అడిగేవారికి చెప్పుకోవడానికి ఒక పేరు కావాలని పిల్లల మూడేళ్లు పణంగా పెట్టడం న్యాయం కాదు.

పరిశోధన అంటే ఏమిటో నేల ఉసిరి కథ బాగా చెబుతుంది. కామెర్లకు దాన్ని నూరి ఇవ్వడం పల్లెల్లో పాత అలవాటు. హెపటైటిస్-బి వైరస్ ఒంట్లో ఉండిపోయినవారికి దాని పొడిని నెల రోజులిచ్చి చూసిన మద్రాసు పరిశోధకుల ఫలితాలు 1988లో ‘లాన్సెట్’ పత్రికలో వచ్చాయి. మందు తీసుకున్న 37 మందిలో 22 మంది రక్తంలో వైరస్ ఆనవాలు పోయింది. ఉత్తుత్తి మాత్రలు మింగిన 23 మందిలో ఒక్కరికే అలా జరిగింది. లోకమంతా ఆశపడింది. తర్వాత ఇతర చోట్ల అదే ప్రయత్నం చేసినవారికి మాత్రం ఆ ఫలితం రాలేదు. మొక్క జాతిలో తేడా ఉందా, పెరిగిన నేలలోనా, కోసిన కాలంలోనా? లేక మొదటి పరీక్షలో మంది తక్కువ కావడమే కారణమా? వీటిలో ఒక్కో ప్రశ్న ఒక్కో ఉద్యోగం. మొక్కను గుర్తించేవారు ఒకరు, అందులోని రసాయనాలను కొలిచేవారు ఒకరు, ఎంతమందిని తీసుకోవాలో లెక్కకట్టేవారు మరొకరు. పైగా కామెర్లలో చాలా రకాలు వాటంతట అవే తగ్గుతాయి. ఆ మందు తీసుకోనివారితో పోల్చకుండా ఆకు పసరు పనిచేసిందనడం కుదరదు. 2021 మేలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో కరోనా నాటు మందు కోసం జనం బారులు తీరినప్పుడు కూడా ప్రభుత్వం హాని లేదన్న నివేదికల మీదే పంపిణీకి ఒప్పుకుంది. కరోనాను తగ్గిస్తుందనడానికి ఆధారం అప్పుడు లేదు. హాని చేయకపోవడం వేరు, పనిచేయడం వేరు.

‘మొక్కే కదా, హాని ఏముంటుంది’ అన్న మాట ఈ రంగంలోకి వచ్చేవారు మొదట వదిలించుకోవాలి. 1990ల తొలినాళ్లలో బెల్జియంలో ఒళ్లు తగ్గడానికి వాడిన చైనా మూలికల్లో ఒక మొక్క బదులు అరిస్టోలోకియా జాతి మొక్క కలిసింది. ఎంతోమంది మహిళల మూత్రపిండాలు పాడయ్యాయి, తర్వాత కొందరికి మూత్రనాళంలో క్యాన్సర్ వచ్చింది. మన ఈశ్వరి తీగ కూడా ఆ జాతిదే. వేరు ముక్కను సూక్ష్మదర్శినిలో చూసి, రసాయన గుర్తులను పోల్చి, ఇది ఫలానా మొక్క అని తేల్చే శాస్త్రం ఫార్మకాగ్నసీ. ఎంఫార్మసీ కౌన్సెలింగ్‌లో పిల్లలు తరచూ చివరికి మిగిల్చే విభాగం అదే. మొక్కల మందుల మీద నిజమైన ఆసక్తి ఉన్నవారు దాన్ని ముందే ఎంచుకోవడం మంచిది. సర్పగంధ నుంచి రక్తపోటు మందు రెసర్పిన్, పెరట్లో పూసే బిళ్ళగన్నేరు నుంచి పిల్లల రక్త క్యాన్సర్‌కు వాడే విన్‌క్రిస్టిన్ వచ్చాయి. బిళ్ళగన్నేరు మీద కెనడాలో పనిచేసినవారు వెతికింది మధుమేహానికి మందు. ఎలుకల్లో తెల్ల రక్తకణాలు పడిపోవడం చూసి దారి మార్చుకున్నారు.

అర్హతల విషయానికొస్తే, ఇంటర్ తర్వాత ఈఏపీసెట్‌తో బీఫార్మసీ, ఆపై జీప్యాట్‌తో ఎంఫార్మసీ లేదా నైపర్ (జాతీయ ఔషధ విద్య, పరిశోధన సంస్థ) ప్రవేశ పరీక్ష. బీఎస్సీవారికి ఐఐటీ జామ్, రాష్ట్ర పీజీ సెట్‌లతో ఎమ్మెస్సీ. పీహెచ్‌డీకి సీఎస్‌ఐఆర్–యూజీసీ నెట్.

వీటిలో తక్కువ ఖర్చుతో ఎక్కువ దూరం తీసుకెళ్లేది ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ, ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో చేస్తే మరీను. హైదరాబాద్ చుట్టుపక్కల దానికున్న గిరాకీ చాలా పీజీలకు లేదు. బీఫార్మసీవారికి 2007లో మొదలైన హైదరాబాద్ నైపర్ మొదటి లక్ష్యంగా ఉండాలి. పీహెచ్‌డీ వైపు వెళ్లేవారికి తార్నాక, హబ్సిగూడల్లో కూతవేటు దూరంలోనే రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ, జీవకణ పరిశోధన సంస్థ సీసీఎంబీ, జాతీయ పోషకాహార సంస్థ ఉన్నాయి. బోడుప్పల్‌లో ఔషధ, సుగంధ మొక్కల మీద పనిచేసే సీమ్యాప్ కేంద్రం ఉంది. జీప్యాట్‌లో అర్హత సాధించినవారికి ఎంఫార్మసీలో నెలకు రూ.12,400 వస్తుంది. నెట్‌లో జేఆర్‌ఎఫ్ (జూనియర్ ఫెలోషిప్) సాధిస్తే 2023 జనవరి నుంచి నెలకు రూ.37,000, సీనియర్ అయ్యాక రూ.42,000. చదివినందుకు డబ్బిచ్చే దారి ఇలా తెరిచి ఉండగా డబ్బు కట్టే దారి కోసం అప్పు చేయడం ఎందుకో ఇంట్లో కూర్చుని ఆలోచించాలి. అయితే ఒక నిజం ముందే తెలియాలి. జీడిమెట్ల, పాశమైలారం, పరవాడలలో ‘ఆర్ అండ్ డీ’ పేరుతో జరిగే పనిలో ఎక్కువ భాగం కొత్త మందు కనుక్కోవడం కాదు, ఉన్న మందును చౌకగా, శుద్ధిగా తయారుచేసే పద్ధతి వెతకడం. ఆ పనికీ గౌరవం ఉంది, జీతం ఉంది. షిఫ్టులు, ద్రావకాల ఘాటు కూడా ఉంటాయి.

ఇక అమీర్‌పేట కోచింగ్ సంస్థల బోర్డుల సంగతి. క్లినికల్ రీసెర్చ్, ఫార్మకోవిజిలెన్స్, శాస్ (గణాంకాల సాఫ్ట్‌వేర్), మెడికల్ కోడింగ్ అన్నీ ఒకే ప్యాకేజీలో కలిపి ‘నూరు శాతం ప్లేస్‌మెంట్’ అని రాసి ఉంటుంది. వీటిలో మెడికల్ కోడింగ్ పరిశోధనే కాదు. ఆసుపత్రి రికార్డులను బీమా బిల్లుల కోసం సంకేతాలుగా మార్చే పని అది. మంచి ఉద్యోగమే కావచ్చు, పేరు మాత్రం వేరు. ఫార్మకోవిజిలెన్స్ అంటే మార్కెట్లోకి వచ్చిన మందుల దుష్ఫలితాలను నమోదు చేసి విశ్లేషించడం. ఫార్మసీ, నర్సింగ్, వైద్యం చదివినవారికి అందులో నిజమైన ఉద్యోగాలున్నాయి. వాటిని తెచ్చిపెట్టేది డిగ్రీలో నేర్చుకున్న ఫార్మకాలజీ, తప్పుల్లేకుండా రాయగలిగే ఇంగ్లిష్. కోర్సు సర్టిఫికెట్‌కు అక్కడ దక్కే విలువ చాలా తక్కువ. పరీక్షల నియమావళి అయిన జీసీపీ శిక్షణ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. దానికి వేలు కట్టించుకునేవారిని నమ్మకూడదు. వీటన్నిటికంటే ప్రమాదకరమైనది లేని అనుభవాన్ని ఉన్నట్టు చూపించే ‘బ్యాక్‌డోర్’ ఒప్పందం. కంపెనీల తనిఖీలో పట్టుబడితే ఉద్యోగం పోవడంతో ఆగదు, ఆ మచ్చ వెంటాడుతుంది. అంకెల నిజాయితీ మీద నిలబడే వృత్తిలోకి దొంగ కాగితంతో అడుగుపెట్టమని పిల్లలకు సలహా ఇచ్చే పెద్దలు కూడా ఉన్నారు. వారికి ఇంతకంటే మర్యాదగా చెప్పడం కష్టం. ఏ సంస్థలోనైనా చేరేముందు గత బ్యాచ్‌లో ఉద్యోగం వచ్చినవారితో నేరుగా మాట్లాడించమని అడగాలి. ఫోన్ నంబర్లివ్వడానికి నసిగితే అక్కడితో లేచి రావచ్చు.

ఫార్మ్‌డీ మరో మోజు. మన దేశంలో 2008లో మొదలైన ఈ ఆరేళ్ల కోర్సును కొన్ని కాలేజీలు పేరు ముందు ‘డాక్టర్’ వస్తుందన్న ఆకర్షణతో అమ్ముతున్నాయి. ఆసుపత్రి వార్డులో మందుల వాడకాన్ని సరిచూసే నిపుణులను తయారుచేయడం దీని ఉద్దేశం. ఆ పోస్టులు మన ఆసుపత్రుల్లో కొద్దిగానే ఉన్నాయి. చాలామంది చివరికి చేరేది ఫార్మకోవిజిలెన్స్‌లోనే, అక్కడికి నాలుగేళ్ల బీఫార్మసీతోనూ వెళ్లవచ్చు. పెద్ద బోధనాసుపత్రికి అనుబంధంగా ఉన్న కాలేజీ అయితే తప్ప ఆరేళ్ల ఫీజుకు తగిన ఫలితం దక్కదు.

ఆసుపత్రి వైపు పని కోఆర్డినేటర్‌గా మొదలవుతుంది. రోగులను పిలవడం, పరీక్షను వారికి అర్థమయ్యే తెలుగులో వివరించి అంగీకారం తీసుకోవడం, ప్రతి అంకెనూ నమోదు చేయడం, దుష్ఫలితం కనిపిస్తే గడువులోగా తెలియజేయడం అతని బాధ్యతలు. ఈ అంగీకారం విలువ తెలియాలంటే ఖమ్మం సంగతి గుర్తుండాలి. 2009లో అక్కడ హెచ్‌పీవీ టీకాను సుమారు 14 వేల మంది బాలికలకు ఇచ్చారు. గిరిజన హాస్టళ్లలో చాలాచోట్ల తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారని తేలింది. 2010లో ఆ కార్యక్రమం ఆగిపోయింది. టీకా వేయించుకున్న బాలికల్లో కొందరు చనిపోయారు. తర్వాత జరిగిన విచారణ ఆ మరణాలకు టీకా కారణం కాదంది. సంతకాల లోపం మాత్రం పార్లమెంటు కమిటీ దాకా వెళ్లింది. ఇప్పుడు 2019 నాటి కొత్త మందుల, క్లినికల్ పరీక్షల నిబంధనలున్నాయి. ప్రతి పరీక్షా ముందే దేశ క్లినికల్ పరీక్షల రిజిస్ట్రీ అయిన సీటీఆర్‌ఐలో నమోదు కావాలి. ఆ రిజిస్ట్రీని ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. మన జిల్లా ఆసుపత్రిలో ఏయే పరీక్షలు నడుస్తున్నాయో వెతికి చదవడం ఏ డిప్లొమా కంటే మంచి మొదటి పాఠం.

వైద్యం చదివినవారికి ఎండీ ఫార్మకాలజీ, ఆపై నిమ్స్ వంటి చోట్ల డీఎం క్లినికల్ ఫార్మకాలజీ ఉన్నాయి. రేడియాలజీ సీటు కోసం ఏళ్లకేళ్లు ఆగేవారు ఈ సీట్ల వైపు చూడరు. నీట్‌తోనే వచ్చే బీఏఎంఎస్, బీయూఎంఎస్ చదివినవారికి ఆయుష్ పరిశోధన మండళ్లలో చోటుంది. బొల్లి మీద పనిచేసే యునానీ పరిశోధన సంస్థ ఎర్రగడ్డలోనే ఉంది. ఆయుర్వేద పట్టాతో అల్లోపతి మందులు రాసే క్లినిక్ పెట్టడం కంటే ఆ దారి మేలు.

నిర్ణయానికి ముందు ప్రయోగశాలను ఒక్కసారైనా చూడాలి. సీఎస్‌ఐఆర్ వ్యవస్థాపక దినం సెప్టెంబరు 26. ఆ సందర్భంగా ఐఐసీటీ, సీసీఎంబీ వంటి సంస్థలు విద్యార్థులను లోపలికి రానిస్తాయి. తల్లిదండ్రులు వెంట వెళ్లవచ్చు, ప్రశ్నలు మాత్రం పిల్లలనే అడగనివ్వాలి. బల్ల దగ్గర నిలబడ్డ పరిశోధక విద్యార్థిని అడగదగ్గవి కొన్ని ఉన్నాయి: రోజులో ఎన్ని గంటలు ఇక్కడ గడుస్తాయి, జరగని ప్రయోగాన్ని ఎన్నిసార్లు మళ్లీ చేస్తారు, పీహెచ్‌డీకి ఎన్నేళ్లు పట్టింది, మీ సీనియర్లు ఇప్పుడు ఎక్కడున్నారు.