వికిరణ సర్వే మీటర్ల క్రమాంకనం

విత్తనాలను గామా కిరణాలకు గురిచేసి ఉత్పరివర్తనాలను రాబట్టే ప్రయోగశాలలో, సర్వే మీటరు చూపే అంకెను నమ్మియే పరిశోధకుడు గదిలో అడుగుపెడతాడు. కావున ఎక్కువ చూపే మీటరు కంటే తక్కువ చూపే మీటరు ప్రమాదకరం.

మోతాదు రేటు ముందుగానే తెలిసిన చోట మీటరును ఉంచి, అసలు విలువను మీటరు చూపిన విలువతో భాగిస్తే క్రమాంకన గుణకం లభిస్తుంది. ఇందుకు ఎక్కువగా సీసియం-137 జనకాన్ని వాడతారు. దాని అర్ధాయువు సుమారు 30 సంవత్సరాలు. ధ్రువపత్రంలో ఒక మీటరు దూరాన గంటకు 100 మైక్రోసీవర్టులని ఉన్నచో, పది సంవత్సరాల తరువాత అది దాదాపు 79 మాత్రమే. నేపథ్య వికిరణాన్ని తీసివేసిన పిమ్మట మీటరు 66 చూపితే గుణకం 1.2, పాత విలువనే వాడితే 1.5 అని తప్పుగా తేలుతుంది.

ఈ దోషాన్ని కాగితంపైనే పట్టుకోవచ్చు. దూరంలోని దోషం అంత సులువుగా బయటపడదు. తీవ్రత దూరపు వర్గానికి విలోమానుపాతంలో ఉంటుంది గనుక, దూరాన్ని జనక కేంద్రం నుండి మీటరు లోపలి శోధక కేంద్రం వరకు కొలవాలి. మీటరు వెనుక అంచు వరకు టేపు పట్టి 50 సెం.మీ. అనుకున్నాం, శోధకం నిజానికి 45 సెం.మీ. వద్ద ఉంది. అక్కడి తీవ్రత అనుకున్నదానికంటే 23 శాతం ఎక్కువ. సక్రమంగా ఉన్న మీటరునే 'ఎక్కువ చూపుతున్నది' అని తగ్గిస్తాము. ఆపై 100 ఉన్నచోట అది 81 చూపుతుంది. రెండు మీటర్ల వద్ద ఇదే 5 సెం.మీ. దోషం ఆ అంకెను 95కే తగ్గిస్తుంది. దూరం పెరిగితే పనిచేసేవారికీ మేలే; అయితే గోడలు, నేల నుండి వచ్చే పరిక్షేపణ వాటా పెరుగుతుంది.

గైగర్-ముల్లర్ గొట్టంగల కొన్ని పాత మీటర్లు అతితీవ్ర క్షేత్రంలో స్తంభించి సున్నాకు దగ్గరగా చూపవచ్చు. అందుచేత ప్రతి శ్రేణిలోను ఒకటికి మించిన బిందువుల వద్ద పరీక్షించాలి. గదిలో ఎవరూ లేనప్పుడే జనకాన్ని బయటకు తీసి, అంకెలను కెమెరా ద్వారా చదవాలి. ఇది గుర్తింపు పొందిన ప్రయోగశాలలో జరగవలసిన పని. విభాగంలో చేయదగినది బ్యాటరీ పరీక్ష, చిన్న పరీక్షా జనకంతో రోజువారీ సరిచూపు మాత్రమే.

నేల తేమను కొలిచే న్యూట్రాన్ పరికరం వద్ద గామా మీటరు, ఎంత చక్కగా క్రమాంకనం చేసినదైనా, న్యూట్రాన్ మోతాదును చెప్పలేదు. అక్కడ న్యూట్రాన్ మీటరే వాడాలి.