కాళ్లలో మిగిలిందే లెక్క: పవర్ మీటర్ నేర్పిన తొమ్మిది పాఠాలు

ట్రయథ్లాన్‌లో సైకిలు మధ్యలో వస్తుంది. ఉత్త సైకిలు పందెమైతే గీత దాటాక కూలబడినా ఫరవాలేదు. ఇక్కడ ఈదిన ఒంటితో సైకిలెక్కాలి, తొక్కిన కాళ్లతో పరుగెత్తాలి. గోవాలో జరిగే ఐరన్‌మ్యాన్ పందెం 70.3 దూరానిది: 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిలు, ఆపైన 21.1 కిలోమీటర్ల పరుగు. పూర్తి ఐరన్‌మ్యాన్‌లో 180 కిలోమీటర్లు తొక్కాక మారథాన్ మిగిలే ఉంటుంది. ఏళ్ల తరబడి తొక్కుతూ, కుర్రకారుకు నేర్పుతూ వచ్చాక నాకు గట్టిపడిన నమ్మకం ఒకటుంది: పవర్ మీటర్ ఉన్నది పరుగుకు కాళ్లు మిగల్చడానికే. కొనేటప్పుడూ సాధన చేసేటప్పుడూ పందెం రోజునా ఈ మాటే గుర్తుంచుకోండి.

1. వాట్లు ఏం చెబుతాయో ముందు తెలుసుకోండి

మీటరు లోపల స్ట్రెయిన్ గేజ్‌లు ఉంటాయి. మీరు పెడల్ నొక్కినప్పుడు లోహం కంటికి కనపడనంతగా వంగుతుంది. ఆ వంపు నుంచి టార్క్ తెలుస్తుంది. టార్క్‌ను క్రాంక్ తిరిగే వేగంతో గుణిస్తే వాట్లు వస్తాయి. జర్మన్ ఇంజనీరు ఉల్రిచ్ షోబెరర్ 1986లో మొదలుపెట్టిన ఎస్ఆర్ఎం మీటరు నుంచి నేటి మీటర్ల దాకా సూత్రం ఇదే.

వేగం చూసి శ్రమను అంచనా వేయలేం. గాలిని చీల్చుకుపోవడానికి పెట్టాల్సిన శక్తి వేగం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. గాలి కదలని రోజున గంటకు 30 నుంచి 33 కిలోమీటర్లకు వెళ్లాలంటే, గాలి కోసం పెట్టే వాట్లు దాదాపు మూడోవంతు పెరుగుతాయి. వైజాగ్ నుంచి భీమిలి వైపు సముద్రపు గాలికి ఎదురు తొక్కినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. హార్ట్ రేట్ నిజమే చెబుతుంది గానీ ఆలస్యంగా చెబుతుంది. వాట్లు మాత్రం ఆ క్షణంలో మీరు పెడుతున్నదెంతో ఆ క్షణంలోనే చూపిస్తాయి.

2. మీ సైకిలును బట్టి మీటరు ఎంచుకోండి

ఇంట్లో రోడ్డు సైకిలు ఒకటి, పందేనికి ట్రయథ్లాన్ సైకిలు ఒకటి ఉంటే పెడల్ మీటరు మేలు. గార్మిన్, ఫావెరో, వాహూ ఇలాంటివి చేస్తున్నాయి. పాత పెడళ్లు విప్పి వీటిని బిగిస్తే చాలు, ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చడం తేలిక. విమానంలో వెళ్లేటప్పుడు పెడళ్లు ఎలాగూ విప్పాల్సిందే. అయితే మీ క్లీట్లు వాటికి సరిపోతాయో లేదో కొనకముందే చూసుకోండి.

సైకిలు ఒక్కటే అయితే, ఒకసారి బిగించి వదిలేయాలనుకుంటే, క్రాంకుకూ చైన్‌రింగులకూ మధ్య బిగించే స్పైడర్ మీటరు మంచిది. క్వార్క్, పవర్‌టూమ్యాక్స్ వంటివి ఈ రకం. మీ క్రాంకు, చైన్‌రింగులు, బాటమ్ బ్రాకెట్ దానికి కుదరాలి. అందుకే మెకానిక్కును అడిగాకే డబ్బు కట్టండి. ఎడమ క్రాంక్ మీద మాత్రమే కొలిచే మీటర్లు చవక. మొదటిసారి కొనేవాళ్లకు అవీ పనికొస్తాయి.

ఇంకా మొదటి పందెం కూడా పూర్తి చేయనివాళ్లు తొందరపడొద్దు. ముందు సైకిలు మీ ఒంటికి సరిగ్గా అమర్చుకోండి, మంచి టైర్లు వేయించుకోండి. మీటరు సంగతి ఆ తర్వాత చూడొచ్చు.

3. రోజూ ఒకేలా కొలవడం ముఖ్యం

పెట్టెల మీద ఒకటి రెండు శాతం తేడా గురించి రాసి ఉంటుంది. దాని కోసం బుర్ర బద్దలు కొట్టుకోకండి. నిన్నటి 180, ఇవాళ్టి 180 ఒకటే కావడం ముఖ్యం. ఎడమ కాలు మీటరు ఎడమవైపు వాట్లను రెట్టింపు చేసి చూపుతుంది. నిజంగా 200 వాట్లు తొక్కుతూ అందులో ఎడమ కాలు 96 పెడుతుంటే, తెర మీద 192 కనిపిస్తుంది. ఆ తేడా ఎప్పుడూ అంతే ఉంటే ఇబ్బంది లేదు. అలసినప్పుడు కాళ్ల వాటా మారేవాళ్లకు మాత్రం రెండువైపులా కొలిచేదే కావాలి.

సైకిలెక్కే ముందు, మీటరు బయటి ఉష్ణోగ్రతకు అలవాటు పడ్డాక, జీరో ఆఫ్‌సెట్ చేయండి, అంటే మీటరును సున్నాకు సరిచేయండి. ఏసీ గదిలోంచి ఎండలోకి తెచ్చిన వెంటనే చేస్తే ప్రయోజనం లేదు. పెడల్ మీటరు వాడేవాళ్లు క్రాంక్ పొడవు సరిగ్గా నమోదు చేయాలి. 170 మిల్లీమీటర్ల క్రాంకుకు 175 అని పెడితే ప్రతి అంకెనూ దాదాపు 3 శాతం ఎక్కువ చూపిస్తుంది. ఇంట్లో స్మార్ట్ ట్రైనర్ చూపే వాట్లు, మీటరు చూపే వాట్లు చాలాసార్లు కలవవు. రెంటిలో ఒకదాన్నే ప్రమాణంగా పెట్టుకోండి.

4. పందెంలో కూర్చునే తీరులోనే పరీక్ష పెట్టుకోండి

సుమారు గంటసేపు నిలబెట్టగల గరిష్ఠ శక్తిని ఎఫ్‌టీపీ అంటారు. ఆండ్రూ కోగన్, హంటర్ అలెన్ దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. బాగా వార్మప్ అయ్యాక 5 నిమిషాలు గట్టిగా, కాస్త తేలిగ్గా తొక్కిన తర్వాత 20 నిమిషాలు మీ శక్తి మేరకు తొక్కి, ఆ 20 నిమిషాల సగటులో 95 శాతం తీసుకోండి. సగటు 220 అయితే ఎఫ్‌టీపీ 209. మొదటి 5 నిమిషాలు ఎగ్గొడితే అంకె పెద్దదొస్తుంది. ఆ పెద్ద అంకె మీద వేసుకున్న పందెం ప్రణాళిక పరుగులో కూలిపోతుంది.

ఏరో బార్ల మీద వంగినప్పుడు చాలామందికి వాట్లు తగ్గుతాయి. నిటారుగా కూర్చుని సాధించిన అంకెతో వంగి తొక్కే పందేనికి లక్ష్యం పెట్టుకోవడం తగదు.

5. తేలిక రోజుల్ని తేలిగ్గానే ఉంచండి

వారంలో ఎక్కువ గంటలు ఎఫ్‌టీపీలో 56 నుంచి 75 శాతం మధ్యే గడవాలి. మన కుర్రవాళ్లకు కష్టమైంది ఇదే. గుంపుగా వెళ్లినప్పుడు ఎవరో ముందుకు దూకుతారు, వెంటనే అందరూ ఎగబడతారు. అప్పుడు తెర చూసి ఆగగలిగినవాడే పైకొస్తాడు.

వారానికి ఒకటి రెండు రోజులు గట్టి పని చాలు: 90 నుంచి 95 శాతంలో 20 నిమిషాల చొప్పున రెండు విడతలు, మధ్యలో తేలిక తొక్కుడు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు ట్రాక్ ఇలాంటి విడతలకు బాగుంటుంది. పందెం దగ్గర పడ్డాక, లక్ష్యం పెట్టుకున్న వాట్లలో రెండు గంటలు తొక్కి, దిగిన వెంటనే పరుగెత్తే బ్రిక్ సాధన తప్పనిసరి.

6. సగటును నమ్మకండి

పది నిమిషాలు 100 వాట్లు, పది నిమిషాలు 300 వాట్లు తొక్కితే సగటు 200. ఒంటి మీద పడే భారం మాత్రం అంతకన్నా చాలా ఎక్కువ. నార్మలైజ్డ్ పవర్ లెక్క దీన్ని పట్టుకుంటుంది. అది ఎక్కువ వాట్లకు ఎక్కువ బరువు ఇస్తుంది. ఈ ఉదాహరణలో అది దాదాపు 253 వస్తుంది. నార్మలైజ్డ్ పవర్‌ను సగటుతో భాగిస్తే, ట్రయథ్లాన్‌లో 1.05 దాటకపోతే మంచిది. దాటిందంటే ఎత్తుల మీద, మలుపుల తర్వాత అనవసరంగా ఎగదన్నారని అర్థం.

గేరు కూడా చూసుకోండి. అవే 200 వాట్లను నిమిషానికి 90 చుట్లకు బదులు 60 చుట్లతో తొక్కితే, ప్రతి చుట్టుకూ ఒకటిన్నర రెట్లు టార్క్ పెట్టాలి. ఆ బరువంతా పరుగులో వాడాల్సిన తొడల మీదే పడుతుంది.

7. మొదటి అరగంట చేతిలో పెట్టుకోండి

70.3లో చాలామంది వయోవర్గ క్రీడాకారులకు ఎఫ్‌టీపీలో 75 నుంచి 85 శాతం, పూర్తి దూరానికి 65 నుంచి 75 శాతం సరిపోతుంది. అలవాటు తక్కువైనవాళ్లు కింది అంచు పట్టుకోండి. ఎఫ్‌టీపీ 209 ఉన్నవారికి 70.3లో 80 శాతమంటే 167 వాట్లు.

ఈత నుంచి బయటికి వచ్చినప్పుడు గుండె ఉరుకుతుంటుంది, జనం కేకలేస్తుంటారు, 200 వాట్లు కూడా తేలిగ్గా అనిపిస్తాయి. ఒకటో తారీఖునే జీతం ఖర్చుపెట్టినట్టు కాళ్లు ఖర్చయ్యేది అప్పుడే. తొలి అరగంట లక్ష్యానికి పది వాట్లు తక్కువగానే ఉండండి. ఎత్తు వచ్చినప్పుడు పక్కవాళ్లు దాటిపోతే పోనివ్వండి. దిగుడులో మాత్రం పూర్తిగా ఆపేయకుండా తేలిగ్గా తొక్కుతూ ఉండండి.

8. వాట్లతో తిండి లెక్క వేసుకోండి

150 వాట్లతో గంట తొక్కితే 540 కిలోజౌళ్ల పని అవుతుంది. మన ఒంటి సామర్థ్యం సుమారు నాలుగో వంతే. అందువల్ల ఎన్ని కిలోజౌళ్ల పని చేస్తే దాదాపు అన్ని కిలోకాలరీలు ఖర్చవుతాయి. గంటకు 60 గ్రాముల పిండిపదార్థం తిన్నా వచ్చేది 240 కిలోకాలరీలే. మిగతాది ఒంట్లోని నిల్వ నుంచే వెళ్తుంది. సైకిలు మీద తిననివాడికి పరుగులో తినే అవకాశం తక్కువ, అరిగించుకునే ఓపిక ఇంకా తక్కువ. గంటకు 60 నుంచి 90 గ్రాములు తీసుకోవడం సాధనలోనే అలవాటు చేసుకోండి.

9. ఎండను మీటరు గుర్తించదు

ఎండకు, ఉక్కపోతకు అవే వాట్లు ఎక్కువ ఖరీదు. వాట్లు కదలకుండా ఉండగా హార్ట్ రేట్ పైకి పాకుతుంటే ఒళ్లు వేడెక్కుతోందని, నీరు తగ్గుతోందని గ్రహించండి. అప్పుడు పట్టుదలకు పోకుండా పది, పదిహేను వాట్లు తగ్గించండి. అప్పుడప్పుడూ తెరకు టేపు అంటించి తొక్కి, మీ అంచనా ఎంతవరకు సరిపోయిందో ఇంటికొచ్చి చూసుకోండి. బ్యాటరీ దారిలో ఆగిపోయినా పందెం ఆగకూడదు.

పందెం అయ్యాక సైకిలు సమయాన్ని విడిగా చూసి మురిసిపోకండి. పరుగులో మొదటి సగం, రెండో సగం పక్కపక్కన పెట్టండి. రెండో సగం బాగా నెమ్మదించి ఉంటే, పరుగు సాధన తక్కువైందని అనుకునే ముందు సైకిలు వాట్లు, తిన్న గ్రాములు చూడండి. చాలాసార్లు కారణం అక్కడే దొరుకుతుంది. అప్పుడు వచ్చే పందేనికి ఐదు వాట్లు తగ్గించండి. సైకిలు మీద పోయే నిమిషం రెండు నిమిషాలు పరుగులో అంతకు మించి తిరిగొస్తాయి.