బోరు నీళ్ల వల్ల పిల్లలు పుట్టరా?

ప్రశ్న: మాది జగ్గయ్యపేట దగ్గర గరికపాడు. మిరప, పత్తి వేస్తాను. పెళ్లయి మూడేళ్లయినా పిల్లల్లేరు. పొలం బోరు నీళ్లే తాగుతాం. లోపం ఆ నీళ్లదేనంటున్నారు. నిజమేనా?

జవాబు: నింద మొత్తం నీళ్ల మీద వేయకండి, అలాగని తేలిగ్గానూ తీసుకోకండి. ఫ్లోరైడ్ ఎక్కువైతే వీర్యకణాలు తగ్గినట్టు జంతువులపై ప్రయోగాల్లో తేలింది. మనుషుల్లో అంత గట్టి రుజువు లేదు. సీసం, కాడ్మియం మాత్రం హాని చేస్తాయి. పురుగుమందుల సంగతి ఇంకా స్పష్టం. 1977లో కాలిఫోర్నియాలో డీబీసీపీ అనే నులిపురుగుల మందు తయారుచేసిన కార్మికుల్లో చాలామందికి వీర్యకణాలు పడిపోయాయి, కొందరికి అసలే లేవు. తర్వాత ఆ మందు అక్కడి బావుల్లోనూ బయటపడింది.

అందుకే బోరు పక్కన మందు కలపడం, స్ప్రేయర్ ట్యాంకు కడగడం ఈరోజే మానండి. ఖాళీ మందు డబ్బాల్లో తాగునీళ్లు పట్టకండి. పిచికారీకి గ్లౌజులు, మాస్కు తప్పనిసరి. గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబులో నీళ్లు పరీక్ష చేయించండి. లీటరులో ఫ్లోరైడ్ 1.5, నైట్రేట్ 45 మిల్లీగ్రాములు దాటకూడదు. కాచినా ఇవి పోవు, ఆర్వోతో తగ్గుతాయి.

నీటి పరీక్ష కోసం ఆగకుండా దంపతులిద్దరూ ఒకేసారి డాక్టరును కలవండి. మీకు వీర్యపరీక్ష ముఖ్యం. దానికి ముందు 2 నుంచి 7 రోజులు స్ఖలనం కాకూడదు. వీర్యకణం తయారవడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది. కాబట్టి జాగ్రత్తల ఫలితం మూడు నెలల తర్వాతి పరీక్షలోనే తెలుస్తుంది. అప్పటిదాకా ఒకరినొకరు తప్పుపట్టుకోకండి.