పైపు చుట్టూ సందు ఎవరి పని?

రాజమండ్రిలోనో భీమవరంలోనో కడుతున్న ఏ అపార్టుమెంటుకైనా వెళ్లి, బాత్రూం శ్లాబు కింద నిలబడి తలెత్తి చూడండి. నాలుగంగుళాల పీవీసీ పైపు కిందికి దిగిన చోట చుట్టూ సందు కనిపిస్తుంది. మాలు పెట్టడం మేస్త్రి పని అంటాడు ప్లంబరు. కన్నం కొట్టినవాడే పూడ్చుకోవాలంటాడు మేస్త్రి. చాలాచోట్ల చివరికి ఎవరో ఒకరు సిమెంటు సంచి ముక్క కుక్కి, పైన వైట్ సిమెంటు రాసేస్తారు. ప్లంబింగు చేసే తమ్ముళ్లకు నా సలహా ఒకటే. ఈ పనిని మీరే తీసుకోండి, పద్ధతిగా నేర్చుకోండి, కొటేషన్లో విడిగా రాసి డబ్బు తీసుకోండి.

ముందుగా ఆ సందులోంచి దేన్ని రాకుండా ఆపాలో తేల్చుకోవాలి. నీళ్లకు, ఎలుకలకు, నిప్పుకు వాడే సరుకు ఒకటి కాదు.

నీళ్లు

డెల్టాలో నేల కింద నీరు పైపైనే ఉంటుంది. వానాకాలంలో ఇంకా పైకొస్తుంది. సంపు గోడలోకి పైపు దూరే చోట సందు మిగిలితే బయటి మురుగు తాగే నీళ్లలోకి ఊరుతుంది. అందుకే గోడకు కాంక్రీటు పోసేటప్పుడే, పైపు చుట్టూ అంచులా ఉండే పడిల్ ఫ్లాంజ్ పెట్టించండి.

బాత్రూం శ్లాబు దగ్గర చిక్కు వేరు. పీవీసీ నున్నగా ఉంటుంది కాబట్టి సిమెంటు దాన్ని గట్టిగా పట్టుకోదు. పైగా ఎండకు సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. మూడు మీటర్ల పైపు 20 డిగ్రీల తేడాకు దాదాపు 4 మిల్లీమీటర్లు కదులుతుంది. అందుకే ఉత్త మాలు ఏడాది తిరక్కుండానే బీట తీయొచ్చు. శ్లాబు మందంలో ఉండే పైపు భాగాన్ని గరుకు కాగితంతో రుద్దండి. కన్నం అంచుల్లో దుమ్ము లేకుండా కడిగి, నాన్ ష్రింక్ గ్రౌట్ పోయండి. వాటర్‌ప్రూఫింగ్ పూతను పైపు మీదికి కూడా ఎక్కించండి. టైల్సు వేయకముందే 48 గంటలు నీళ్లు నిలబెట్టి, కింది అంతస్తులోకి వెళ్లి చూడండి.

ఎలుకలకైతే మాలులో సన్న ఇనుప వల కలిపి నొక్కితే చాలు. ఫోమ్ ఒక్కటే కొడితే కొరికేస్తాయి.

నిప్పు

అసలు జాగ్రత్త కావాల్సింది ఇక్కడే. పీవీసీ సుమారు 80 డిగ్రీలకే మెత్తబడుతుంది. గదిలో మంట లేస్తే వేడి కొన్ని వందల డిగ్రీలు దాటుతుంది. పైపు కరిగి కారిపోతే, మీరు చుట్టూ ఎంత బాగా మాలు పెట్టినా మధ్యలో నాలుగంగుళాల కన్నం మిగులుతుంది. పొగ ఆ దారినే పై అంతస్తుకు ఎక్కుతుంది. 2023 మార్చిలో సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్సు ప్రమాదంలో ఆరుగురు యువతీయువకులు పోయింది పొగకు ఊపిరాడకే. 2010లో బెంగళూరు కార్ల్‌టన్ టవర్సులో మంట పుట్టింది కరెంటు తీగలు వెళ్లే డక్టులో. అక్కడ తొమ్మిది మంది చనిపోయారు.

అందుకే పైపులు, కేబుళ్లు దూరిన చోట వాటికీ గోడకూ శ్లాబుకూ మధ్య ఖాళీని 120 నిమిషాలు నిప్పుకు ఆగే పదార్థంతో నింపాలని 2016 నాటి జాతీయ భవన నియమావళి చెబుతోంది.

ప్లాస్టిక్ పైపుకు ఫైర్ కాలర్ వాడాలి. ఇది లోపల వేడికి ఉబ్బే పదార్థం ఉన్న ఇనుప పట్టీ. మంట తగిలితే ఆ పదార్థం ఉబ్బి, మెత్తబడ్డ పైపును నలిపి కన్నం మూసేస్తుంది. శ్లాబుకైతే దాన్ని అడుగు వైపు బిగించాలి. గోడకైతే రెండు వైపులా కావాలి. బిగించడానికి ఇనుప యాంకర్లే వాడండి, ప్లాస్టిక్ ప్లగ్గులు మంటలో ఊడిపోతాయి. సన్న పైపులకు రాక్‌ఊల్ కుక్కి పైన ఫైర్ సీలెంట్ పెట్టొచ్చు. ఎంత లోతు పెట్టాలో డబ్బా మీద చూడండి. మామూలు పసుపు ఫోమ్ మాత్రం మండే సరుకు. దాన్ని ఇక్కడ వాడకండి.

కొనేటప్పుడు పరీక్ష పత్రం అడగండి. మీ పైపు రకం, వ్యాసం, శ్లాబు మందం అందులో ఉన్నాయో లేదో చూసుకోండి. సీపీవీసీ పైపుకైతే ఇంకో మెలిక ఉంది. కొన్ని సీలెంట్లు, ఫోములు తగిలితే ఆ పైపు మెల్లగా పెళుసెక్కి చిట్లుతుంది. సీపీవీసీకి పనికొస్తుందని తయారీదారు రాసిచ్చిందే తీసుకోండి.

లెక్క, రికార్డు

కొటేషన్లో కన్నాల సంఖ్య, ఒక్కోదానికి సరుకు, కూలి విడివిడిగా రాయండి. ‘ఇదెందుకు’ అని ఓనరుగారు అడిగితే ధర తగ్గించకండి, కారణం చెప్పండి. దూలానికి కన్నం కొట్టమంటే ఇంజనీరుగారి మాట లేకుండా కొట్టకండి. ప్రతి కన్నానికీ అంకె వేసి, ఫాల్స్ సీలింగు మూయకముందే ఫోటో తీసి అసోసియేషన్‌కు ఇవ్వండి. రేపు ఇంటర్నెట్ కేబులు కోసం ఎవరైనా మూసిన కన్నాన్ని పొడిస్తే తిరిగి మూయాలని వాళ్లకు తెలుస్తుంది.

కన్నం ఎవరు కొట్టారన్న వాదన సైట్లో ఎప్పటికీ తెగదు. మూసే పని మీది చేసుకోండి, కూలీ మీదే అవుతుంది.