ఆకలికి రుచి తెలియదా?

"ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు" అని మన సామెత. కడుపు కాలుతుంటే ఏది పెట్టినా తింటామని దాని అర్థం. మరి కడుపు నిండాక కూడా ఒబ్బట్టు కనిపిస్తే చెయ్యి ఎందుకు చాస్తాం? దీనికి తెలుగులో వేరే మాట ఉంది: జిహ్వచాపల్యం. మా ఇంట్లో తెలుగు, కన్నడం రెండూ నడుస్తాయి. కన్నడంలో కూడా 'హసివు' వేరు, 'బాయి చపల' వేరు. మన భాషలు విడదీసి చెప్పిన ఈ రెండింటికీ మెదడులో కూడా రెండు లెక్కలు ఉన్నాయి.

ఆకలి లెక్క

మెదడు అడుగుభాగాన హైపోథాలమస్ అనే చిన్న భాగం ఉంది. హాస్టల్లో స్టోర్‌రూమ్ చూసుకునే వార్డెన్ లాంటిది అది. ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, ఎంత మిగిలింది అని కనిపెట్టుకుని ఉంటుంది. కడుపు ఖాళీ అయితే జీర్ణాశయం నుంచి గ్రెలిన్ అనే హార్మోను పెరిగి 'తినాలి' అని కబురు పెడుతుంది. దీన్ని 1999లో జపాన్ శాస్త్రవేత్తలు కనిపెట్టారు. ఒంట్లోని కొవ్వు నుంచి వచ్చే లెప్టిన్ 'నిల్వ ఉంది, తొందర లేదు' అంటుంది. దీన్ని 1994లో అమెరికాలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం గుర్తించింది. తిన్నాక కడుపు నుంచి, పేగుల నుంచి 'చాలు' అనే కబురు వెళ్తుంది. అది చేరడానికి కొంత సమయం పడుతుంది. అందుకే గబగబా తింటే ఎక్కువ తినేస్తాం.

రుచి లెక్క

ఇందులో మళ్లీ రెండున్నాయి: తింటున్నప్పటి ఇష్టం, తినాలనే తహతహ. ఈ రెండూ ఒకటి కావని చూపించినవాళ్లలో ముఖ్యుడు మిషిగన్ విశ్వవిద్యాలయంలోని కెంట్ బెరిడ్జ్. మెదడులో డోపమైన్ బాగా తగ్గించిన ఎలుకలు ఎదురుగా తిండి ఉన్నా తినవు. కానీ నాలుక మీద తీపి చుక్క వేస్తే మాత్రం మామూలు ఎలుకల్లాగే ఇష్టాన్ని చూపిస్తాయి. అంటే డోపమైన్ పని ముఖ్యంగా తహతహ పుట్టించడం.

ఇంకో సంగతి. ఒకే రుచి తింటూ పోతే దాని మీద ఇష్టం తగ్గుతుంది, కొత్త రుచి మీద తగ్గదు. రాగిముద్ద, సారు ఇంక వద్దన్నవాళ్లకి కూడా పాయసానికి చోటు దొరికేది అందుకే.

రెండూ కలిసే చోటు

ఈ రెండు లెక్కలూ ఒకదానికొకటి తెలియకుండా నడవవు. గ్రెలిన్ హైపోథాలమస్‌తో పాటు డోపమైన్ దారుల మీద కూడా పనిచేస్తుంది. అంటే ఆకలి పెరిగితే తహతహ కూడా పెరుగుతుంది. ఆకలికి రుచి తెలియకపోవడం కాదు, ఆకలే రుచిని పెంచుతుంది. సామెతను ఇలా కూడా చదువుకోవచ్చు.

1944-45లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ ఒక ప్రయోగం చేశారు. ఆరోగ్యంగా ఉన్న 36 మంది యువకులు తామే ఒప్పుకుని 24 వారాలు అరకడుపుతో గడిపారు. వాళ్లకి ఎప్పుడూ తిండి ధ్యాసే. వంటల పుస్తకాలు ముందేసుకుని చదివారు, కంచాలు నాకారు. మళ్లీ మామూలుగా తిండి పెట్టినా చాలామందికి ఎంత తిన్నా తృప్తి కలగలేదు. వాళ్లేమీ తిండిపోతులు కారు. ఆకలి వాళ్ల మనసును అలా మార్చింది.

మన సంగతి

ఇది నేను ఇక్కడ రాయడానికి కారణం ఉంది. సన్నబడాలని పొద్దున టిఫిన్ మానేసేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. సాయంత్రం బేకరీ దగ్గర రెండు పఫ్‌లు తిని, "నాకు నోరు కట్టుకోవడం రాదు, నాకు సిగ్గు లేదు" అని తమని తామే తిట్టుకుంటారు. అది సిగ్గుకు సంబంధించిన విషయం కాదే! పొద్దున ఎగ్గొట్టిన బాకీని మెదడు సాయంత్రం వడ్డీతో అడుగుతోంది. ఆ వేళకి రుచి గొంతు ఇంకా పెద్దదవుతుంది. పొద్దున రెండు ఇడ్లీలు తిన్న అమ్మాయికి అదే బేకరీ ముందు నడిచిపోవడం సులువు. ఆమెకు మనోబలం ఎక్కువై కాదు, లెక్క సరిపోయి.

రుచిని శత్రువుగా చూడకండి. ఇష్టమైనది తినండి, వేళకి తినండి, నెమ్మదిగా తినండి. తినాలంటేనే భయం వేస్తుంటే, లేదా తిన్నాక రోజూ ఏడుపు వస్తుంటే, దాచుకోకుండా ఇంట్లోవాళ్లకో మేడమ్‌కో చెప్పి డాక్టరును కలవండి.

మీ ఇంటి భాషలో ఆకలికి, చాపల్యానికి వేరువేరు మాటలుంటే ఈ కాగితం కింద వదిలిన ఖాళీలో రాయండి. తమిళం, మరాఠీ, ఉర్దూ, ఏదైనా సరే.