ఈఎస్‌పీ32కి సీరియల్ వైరు కలిపే ముందు మల్టీమీటర్ పెట్టండి

రామగుండం నుంచి గోదావరిఖని వైపు బండి మీద వెళ్తే ముందొక బొగ్గు లారీ, వెనకొక బొగ్గు లారీ. లారీలున్న చోట కాంటా ఉండాల్సిందే. మా ఫ్రెండ్ వాళ్ల కాక అలాంటి ఒక చిన్న ప్రైవేటు కాంటా నడుపుతాడు. బరువు చూపించే ఇండికేటర్ వెనకాల తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టు ఉంది. "ఆ బరువు నీ ఫోన్‌లో కనిపించేలా చేస్తా కాకా" అని మాటిచ్చేశా. చేతిలో ఈఎస్‌పీ32 బోర్డు ఉంది, అందులో వైఫై ఉంది, ఇంకేం కావాలి అనుకున్నా.

పోర్టులో డేటా వచ్చే పిన్ను నేరుగా బోర్డు ఆర్‌ఎక్స్‌కి, గ్రౌండ్‌ని గ్రౌండ్‌కి కలిపా. స్క్రీన్ మీద పిచ్చి అక్షరాలు. బాడ్ రేటు తప్పనుకుని 9600, 4800, 2400 అని మార్చుకుంటూ కూర్చున్నా. "ఏమైందిరా, కాలిన వాసన వస్తున్నది?" అన్నాడు కాక. చిప్పు మీద వేలు పెడితే చురుక్కుమంది. బోర్డు పోయింది. ఇండికేటర్ బతికింది, అదే నా అదృష్టం. దానికి తూనికలు కొలతల శాఖ సీలు ఉంటుంది. రిపేరుకని సీలు తెంపితే మళ్లీ ముద్ర పడేదాకా కాంటా బంద్.

ముందే చేయాల్సిన పని అప్పుడు చేశా. మల్టీమీటర్‌ని డీసీలో పెట్టి, గ్రౌండ్‌కీ డేటా పిన్‌కీ మధ్య చూస్తే మైనస్ 9 వోల్టులు!

సీరియల్ అనగానే అన్నీ ఒకటే అనుకుంటాం. బిట్ల వరస ఒకటే, వోల్టేజీలు వేరు. మన బోర్డుల్లో 1 అంటే 3.3 లేదా 5 వోల్టులు, 0 అంటే సున్నా దగ్గర. ఆ ఇండికేటర్‌ది ఆర్‌ఎస్-232. అమెరికాలో 1960లో మోడెమ్‌ల కోసం పుట్టిన స్టాండర్డ్ అది. అందులో 1 అంటే మైనస్ 3 నుంచి మైనస్ 15 వోల్టులు, 0 అంటే ప్లస్ 3 నుంచి ప్లస్ 15. మధ్యలో ఉన్నది లెక్కలోకి రాదు, వైర్లో చిన్నాచితకా నాయిస్ వచ్చినా తట్టుకోవడానికి. అంటే వోల్టేజీ ఎక్కువ, పైగా తలకిందులు. అందుకే ఏ బాడ్ రేటు పెట్టినా పిచ్చి అక్షరాలే. ఈఎస్‌పీ32 పిన్ను తట్టుకునేది మైనస్ 0.3 నుంచి 3.6 వరకే.

ఒక మంచి సంగతేంటంటే, డేటా రాని టైమ్‌లో లైను ఎప్పుడూ 1 మీదే ఉంటుంది. కాబట్టి ఊరికే ఉన్నప్పుడు మీటర్ పెడితే పోర్టు జాతి తెలిసిపోతుంది: 3.3, 5, లేదా మైనస్‌లో ఏదో ఒకటి. మైనస్ కనిపిస్తే వైరు తీసేయండి.

దానికి మందు మ్యాక్స్3232 చిప్పున్న మాడ్యూల్. కొనేటప్పుడు చిప్పు మీద పేరు చదవండి. పాత మ్యాక్స్232 అయితే 5 వోల్టులు కావాలి, ఇటువైపు ఇచ్చేదీ 5 వోల్టులే. మ్యాక్స్3232కి కూడా పవర్ 3.3 నుంచే ఇవ్వాలి, 5 ఇస్తే బోర్డు వైపు 5 వస్తుంది.

ఆర్డునో ఊనోని ఈఎస్‌పీ32కి కలిపేవాళ్లకి ఇంత గొడవ లేదు. ఊనో టీఎక్స్ నుంచి 1కే రెసిస్టర్ ద్వారా ఈఎస్‌పీ32 ఆర్‌ఎక్స్‌కి, అక్కడి నుంచి గ్రౌండ్‌కి 2కే. 5 వోల్టులు 3.3 అవుతుంది. ఎదురు దిశలో నేరుగా కలిపినా నడుస్తుంది, ఎందుకంటే ఊనో చిప్పు 3 వోల్టులు దాటితే 1 అనుకుంటుంది. మార్జిన్ 0.3 మాత్రమే, వైరు పొట్టిగా ఉంచండి.

కాంటా నుంచి ఆఫీసు గది దూరమైతే ఆర్‌ఎస్-232ని లాగకండి, 15 మీటర్ల దాకా అని లెక్క. ఆర్‌ఎస్-485 రెండు వైర్ల మధ్య తేడాని చూస్తుంది, 0.2 వోల్టు తేడా చాలు, 1200 మీటర్ల దాకా పోతుంది. ఇవన్నీ భూమ్మీది ముచ్చట్లే సుమా. బొగ్గుబాయి లోపల గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం ఉంటే ఒక్క స్పార్క్‌కే పేలుతుంది. అక్కడ డీజీఎంఎస్ ఆమోదించిన పరికరాలే వాడాలి, మన బ్రెడ్‌బోర్డు గేటు కూడా దాటకూడదు.

కాక ఫోన్‌లో ఇప్పుడు బరువు కనిపిస్తోంది. కాలిన బోర్డు డబ్బులు మాత్రం నా జేబులోంచే పోయాయి.