నీలి టోపీకి నోటిఫికేషన్ రాదు

ఐక్యరాజ్యసమితి శాంతిసేనలో చేరడానికి ఏ పరీక్ష రాయాలి? డిగ్రీ చదివే పిల్లల నుంచి తరచూ వచ్చే ప్రశ్న ఇది. అలాంటి పరీక్షే లేదు. సమితికి సొంత సైన్యం ఉండదు. సభ్యదేశాలు పంపిన సైనికులూ పోలీసులే అక్కడ నీలి టోపీ పెట్టుకుంటారు. కాబట్టి ముందు ఇక్కడ ఒక యూనిఫాం ఉద్యోగం సంపాదించాలి, ఆ ఉద్యోగంలో ఉండగా ఈ అవకాశం తలుపు తడుతుంది.

జీతం సంగతిలోనూ యూట్యూబ్ వీడియోలు సగమే చెబుతాయి. ఒక్కో సైనికుడికి నెలకు 1,428 డాలర్లని 2018లో సమితి రేటు కట్టిన మాట నిజం. కానీ ఆ డబ్బు వెళ్లేది ప్రభుత్వానికి. అందులో జవానుకు ఎంత ఇవ్వాలో ఆయా దేశాలే తేల్చుకుంటాయి. పది లక్షల జనాభా కూడా లేని ఫిజీ 1978లోనే లెబనాన్‌కు దళాన్ని పంపింది. నేపాల్, రువాండా ఇప్పటికీ ఎక్కువమందిని పంపే దేశాల వరుసలో ముందున్నాయి. చిన్న దేశాలకు ఇది పరువూ, ఆదాయమూ.

మన దేశానిదీ పాత అనుబంధమే. 1953 అక్టోబరు 1న మన ఆదోని తాలూకా బళ్లారి జిల్లాను వదిలి కొత్త ఆంధ్ర రాష్ట్రంలో చేరింది. సరిగ్గా ఆ రోజుల్లోనే కొరియాలో సొంత దేశానికి తిరిగి వెళ్లబోమన్న యుద్ధఖైదీలకు భారత దళం కాపలా కాసింది. ఆ వ్యవహారం చూసే తటస్థ దేశాల కమిషన్‌కు అధ్యక్షుడు మన సైన్యానికి చెందిన జనరల్ తిమ్మయ్య. తర్వాతి కథలో మన కర్నూలు జిల్లాకూ కాస్త చోటుంది. అప్పట్లో కర్నూలు జిల్లాలోనే ఉన్న నంద్యాల నుంచి 1991లో లోక్‌సభకు ఎన్నికైన పీవీ నరసింహారావు ప్రధానిగా ఉన్న కాలంలోనే మన సైనికులు కంబోడియా, సోమాలియా, మొజాంబిక్, రువాండాలకు వెళ్లారు.

ఇక దారుల విషయం. పదో తరగతి పాసైనవారికి సీఆర్పీఎఫ్ వంటి కేంద్ర బలగాల్లో చేరడానికి స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్సెస్సీ) పెట్టే జీడీ కానిస్టేబుల్ పరీక్ష ఉంది. జనరల్ కోటాలో వయసు 18 నుంచి 23. 2024 నుంచి ఈ పరీక్షను తెలుగు, కన్నడ, ఉర్దూల్లోనూ రాయవచ్చు. ఆదోనివాళ్లకు ఇంతకన్నా అనువైన పరీక్ష ఏముంటుంది! 2007లో లైబీరియా వెళ్లిన తొలి మహిళా పోలీసు దళం సీఆర్పీఎఫ్‌దే. అయితే కోసిగి, పెద్దకడుబూరు పల్లెల్లో మిరపకోతలకు గుంటూరు వెళ్లే కుటుంబాలు చాలా ఉన్నాయి. అమ్మానాన్నల వెంట వెళ్లిన పిల్లలకు పదో తరగతి సర్టిఫికెట్ చేతికి రాకపోతే ఈ దారి మొదట్లోనే మూసుకుపోతుంది.

రాష్ట్ర పోలీసులకు దారి వేరు. కనీసం అయిదేళ్ల సర్వీసు నిండాక సమితి పెట్టే ఎంపిక పరీక్షకు వెళ్లవచ్చు. అక్కడ ఒక సంభాషణ వినిపిస్తారు. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఏం జరిగిందన్నది ఇంగ్లిషులో రిపోర్టుగా రాయాలి. ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడిస్తారు. తర్వాత బండి నడిపించి చూస్తారు. బైకు లైసెన్సు అక్కడ పనికిరాదు, కారు బాగా నడపడం రావాలి. తుపాకీ గురి ఆ తర్వాత.

ఆదోని మార్కెట్ యార్డులో పత్తి రైతుతో కన్నడం, సేటుతో హిందీ, హమాలీతో తెలుగు, టీకొట్టు దగ్గర ఉర్దూ మాట్లాడేసే కుర్రాళ్లను చూస్తే నాకు ముచ్చటేస్తుంది. మార్కులు పడేది మాత్రం ఇంగ్లిషుకే. రోజూ ఏదో ఒక సంఘటన మీద పది వాక్యాలు రాసి టీచరుతో దిద్దించుకోండి. ఇంకో విదేశీ భాష కూడా నేర్చుకోవాలనుకుంటే, ఉర్దూ మీడియం పిల్లలకు లిపి దాదాపు తెలిసిందే కాబట్టి అరబిక్ త్వరగా పట్టుబడుతుంది. హైదరాబాద్‌లోని ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ)లో అరబిక్, ఫ్రెంచ్ రెండూ నేర్పుతారు.

నన్నడిగితే మాత్రం శాంతిసేన ఒక్కదాన్నే నమ్ముకోవద్దంటాను. మిషన్లు తగ్గిపోతున్నాయి. మాలిలో 2023 చివర్లో మూసేశారు, లెబనాన్‌లో 2026 డిసెంబరు 31తో ముగించాలని భద్రతా మండలి తీర్మానించింది. రాయబార కార్యాలయాల పని అలా ఆగేది కాదు. సివిల్స్ రాసి ఐఎఫ్ఎస్ సాధించడం అందరికీ తెలిసిన దారే. ఉస్మానియాలో మెకానికల్ ఇంజినీరింగ్ చదివిన పర్వతనేని హరీశ్ 2024లో న్యూయార్క్‌లో సమితికి భారత శాశ్వత ప్రతినిధి అయ్యారు. మన పిల్లలు పెద్దగా పట్టించుకోనిది ఎస్సెస్సీ సీజీఎల్. ఏ డిగ్రీ అయినా చాలు. అందులో విదేశాంగ శాఖ అసిస్టెంట్ సెక్షన్ ఆఫీసర్ పోస్టుకు వయసు 20 నుంచి 30, మూలవేతనం 44,900 రూపాయల నుంచి మొదలవుతుంది. ఢిల్లీలో కొంతకాలం పనిచేశాక విదేశాల్లోని మన ఎంబసీల్లో పోస్టింగులు వస్తాయి. ఎమ్మిగనూరు నేతన్నల ఇళ్లలో బీకాం చదివే అమ్మాయిలకు ఇది బాగా కుదిరే ఉద్యోగమని నా అభిప్రాయం.

18 ఏళ్లు నిండినవారు ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల వెబ్‌సైట్‌లో పేరు నమోదు చేసుకోవచ్చు. అనువాదం, డిజైనింగ్ వంటి ఆన్‌లైన్ పనులు ఇంటి నుంచే చేయవచ్చు. వాటికి జీతం ఉండదు, బయోడేటాలో చూపించుకునే అనుభవం మిగులుతుంది. దరఖాస్తుకు గానీ, ఇంటర్వ్యూకు గానీ, శిక్షణకు గానీ సమితి పైసా వసూలు చేయదు. యూఎన్ ఉద్యోగం ఇప్పిస్తామని ఎవరైనా డబ్బు లాగితే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.